మొదటి తారీఖు చందమామ

ఆ రేడియో టెలిస్కోపు కేంద్రంలో ఆవిణ్ని అందరూ టైమమ్మగారు అనేవారు. పెద్ద డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అదే పిలుపు. కేంద్రంలోని పరమాణు గడియారం ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతి కిందే నడుస్తోంది.

గడియారమంటే ముళ్లూ అంకెలూ ఉండేది కాదు. ఫ్రిజ్జంత ఇనుప బీరువా. అదొక చిన్న గదిలో, రెండు తలుపుల వెనకాల ఉండేది. గదిలో వేడి పెరగకూడదు, తగ్గకూడదు, ఎవరూ ఊరికే వచ్చిపోకూడదు. టైమమ్మ రోజూ పొద్దున్న వచ్చి, ఆ గడియారం చెప్పే సమయాన్ని ఉపగ్రహాలు పంపే సమయంతో పోల్చి, తేడా ఎంతుందో రిజిస్టర్లో రాసేది. గదికి రెండు ఏసీ మిషన్లు. రెండూ ఒకేసారి నడపరు. ఒక నెల ఒకటి, మరుసటి నెల రెండోది. మొదటి తారీఖున పది గంటలకు ఆవిడే స్వయంగా ఒకటి ఆపి, ఇంకోటి వేసి, సంతకం పెట్టేది. పెళ్లిళ్లకీ జ్వరాలకీ సెలవు పెట్టింది గాని, మొదటి తారీఖున మాత్రం ఒక్కసారి కూడా పెట్టలేదు.

ఇంత జాగ్రత్త దేనికంటే, అక్కడి టెలిస్కోపు పల్సర్లను వినేది. పెద్ద నక్షత్రం పేలిపోయాక నడిమధ్యన ఒక ముద్ద మిగులుతుంది, అదే పల్సరు. వెడల్పు ఒక ఊరంత, బరువు సూర్యుడికన్నా ఎక్కువ. అది గిర్రున తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ మన వైపు ఒక రేడియో తరంగం విసురుతుంది. కొన్ని సెకనుకు వందలసార్లు తిరుగుతాయి. ఆ టిక్కు టిక్కులు ఎంత కచ్చితంగా వస్తాయంటే, వాటిని కొలవడానికి మామూలు గడియారాలు చాలవు. ఏ టిక్కయినా రావలసిన వేళకన్నా రవ్వంత ముందో వెనకో వస్తే, దాని వెనక ఏదో కథ ఉన్నట్టు లెక్క.

టైమమ్మ ఈ సంగతంతా పెళ్లయిన కొత్తలోనే ఇంట్లో చెప్పింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది. అత్తగారు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి, చదువుకున్నదే. అయినా పక్కింటావిడ అడిగితే, "మా పెద్దకోడలు ఆఫీసులో గడియారాలు చూసుకుంటుందమ్మా, దుమ్మూ ధూళీ పడకుండా" అనేది. భర్త కళ్లద్దాలు అరగదీసే పనివాడు, మెతక మనిషి. భార్య ఏం చెప్పినా తలూపేవాడు. ఆ ఊపడం వినడం కాదని ఆవిడకు ఏడాదిలోపే తెలిసిపోయింది.

అలాంటి ఇంట్లోకి మరిది పెళ్లి చేసుకుని చిన్నకోడల్ని తీసుకొచ్చాడు. వంతెనలు కట్టే ఇంజినీరతను, నెలకు ఇరవై రోజులు బయటే. ఆ అమ్మాయి నక్షత్రాల మీదే డాక్టరేటు చేసింది. పల్సర్ల విభాగంలో ఖాళీ ఉందని ఆమెకు చెప్పింది టైమమ్మే, దరఖాస్తు కాగితం తెచ్చిచ్చిందీ టైమమ్మే. తర్వాత రోజుల్లో ఆ కాగితం గుర్తొస్తే తన చెయ్యి తనే కొరుక్కోవాలనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు అడిగింది. "ఇంతకీ మీ ఆఫీసులో నువ్వేం చేస్తావే చిన్నమ్మాయ్?"

"రండత్తయ్యా, చూపిస్తా" అంటూ చిన్నకోడలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గది మధ్యలో గిర్రున తిప్పేసింది. అత్తగారు భారీ మనిషి. ఈ పిల్ల పుల్లలా ఉంటుంది.

"చూశారా, నేను ఇంత పెద్ద చుట్టు తిరిగాను. మీరు కదలకుండా ఉండాలనుకున్నా చిన్న చుట్టు తిరగక తప్పలేదు. మీరు పల్సరు. నేను గ్రహాన్ని. నేను ఎవరికీ కనపడను. మీరు కొంచెం ఇటూ అటూ ఊగుతారు కదా, ఇటు జరిగినప్పుడు మీ టిక్కులు ముందొస్తాయి, అటు జరిగినప్పుడు ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని పట్టుకుని, అక్కడ నేనున్నానని కనిపెడతారు."

అత్తగారు ఆయాసపడుతూ పడీ పడీ నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! ఇదా పల్సరంటే! ఇన్నాళ్లకి తెలిసిందే తల్లీ!"

ఇన్నాళ్లకి. టైమమ్మ కంచాలు తీస్తూ ఆ మాట వింది. ఒళ్లు భగ్గుమంది. తను ఇరవై రెండేళ్లు చెప్పింది గాలికి పోయింది, ఈ పిల్ల ఒక్క చుట్టు తిప్పితే ముసలావిడ బుర్రకెక్కింది. సాయంత్రానికల్లా వీధి వీధంతటికీ పల్సరంటే ఏమిటో తెలుసు. చెప్పింది చిన్నకోడలని కూడా తెలుసు.

అప్పట్నుంచి ఆ పిల్ల ఏం చేసినా టైమమ్మకు కంట్లో నలుసే. ఆఫీసు బస్సులో డ్రైవరు ఆమె కోసం అర నిమిషం ఆగితే మంట. క్యాంటీన్లో ఆమె చుట్టూ నలుగురు మూగితే మంట. తన భర్త, ఏ రోజూ తన ఉద్యోగం సంగతి అడగనివాడు, "చిన్నమ్మాయీ, ఇవాళేం దొరికింది ఆకాశంలో?" అని అడిగితే రెండు మంటలు. పోనీ ఆ పిల్ల పొగరుబోతయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకుండేది. అదీ లేదు. అక్కా, అక్కా అంటూ వెంట తిరిగేది.

ఒకరోజు గడియారం గదికి వచ్చింది.

"అక్కా, పాత రికార్డరు మీద ఒకే ఒక్క పల్సర్ని నాలుగేళ్లుగా రికార్డు చేస్తూ వచ్చారు కదా. దాని టిక్కుల్లో ఏదో కదలిక కనిపిస్తోంది. ఆ రికార్డరుకి మీ గడియారం నుంచి టైము ఎలా వెళ్తుంది? మధ్యలో ఏమైనా తేడా వచ్చే అవకాశముందా?"

అడగవలసిన ప్రశ్నే, అడగవలసిన మనిషినే అడిగింది. టైమమ్మ తలెత్తలేదు. "అన్నీ రిజిస్టర్లలో ఉన్నాయి. చూసుకో."

రిజిస్టర్లు నలభై ఒకటి. చిన్నకోడలు రెండు రోజులు తిరగేసి, ఏమీ తేల్చుకోలేక వెళ్లిపోయింది. మధ్యలో ఒక పాత పెట్టె ఉందనీ, గడియారం టైము ఆ పెట్టెలోంచే పాత రికార్డరుకు వెళ్తుందనీ, వేడికి అది కాస్త వెనకబడుతుందనీ పదకొండో రిజిస్టర్లో టైమమ్మే ఎప్పుడో రాసింది. ఆ రోజుల్లో వినే పల్సర్లన్నీ నెమ్మదైనవి. అంత చిన్న తేడాతో పనిలేదని కిందే గీత గీసేసింది. ఆ సంగతి ఆ క్షణంలో ఆవిడకు గుర్తురాలేదన్నది నిజమే. గుర్తుతెచ్చుకోవాలని చూడలేదన్నదీ అంతే నిజం.

మూడు నెలలకు హాల్లో అందర్నీ సమావేశపరిచారు. తెర మీద అలలాంటి గ్రాఫు. చిన్నకోడలు దాని ముందు నిలబడి చెప్పింది. ఆ పల్సరు చుట్టూ ఒక గోళం తిరుగుతోంది. దాని బరువు ఇంచుమించు మన చందమామంత. చుట్టు పూర్తవడానికి అరవై రోజుల ఇరవై ఒక్క గంటలు. దాని లాగుడుకు పల్సరు టిక్కులు రెండు మూడు మైక్రోసెకన్లు, అంటే సెకనులో పదిలక్షో వంతులు రెండు మూడు, అటూ ఇటూ అవుతున్నాయి. చచ్చిన నక్షత్రం దగ్గర ఇంత చిన్నది దొరకడం మామూలు సంగతి కాదు. వ్యాసం రాసి పంపబోతున్నాం.

చప్పట్లు మోగాయి. టైమమ్మ కూడా కొట్టింది, చప్పుడు కాకుండా.

ఇంట్లో అత్తగారు దాన్ని "మా చందమామ" అనేసింది. పక్కింటావిడకు చెప్పింది, పాలాయనకు చెప్పింది, ఫోను చేసిన ప్రతి చుట్టానికీ చెప్పింది. "మా చిన్నకోడలు కనిపెట్టింది. ఆ, పెద్దదీ అక్కడే చేస్తుందిలే." ఆ 'లే' టైమమ్మ చెవిలో వారం రోజులు గింగురుమంది.

తర్వాత మొదటి తారీఖు వచ్చింది. పది గంటలకు గదిలోకి వెళ్లి, నడుస్తున్న ఒకటో మిషను మీద చెయ్యి వేసి, అలవాటుగా రిజిస్టరు తెరిచింది. పై వరసల్లో తన సంతకాలే. ఒక నెల ఒకటో మిషను, ఒక నెల రెండోది, మళ్లీ ఒకటోది. రెండు నెలలకు ఒక చుట్టు. కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. అరవై రోజుల ఇరవై ఒక్క గంటల్ని ఆరుతో హెచ్చవేసింది. మూడువందల అరవై అయిదుంపావు రోజులు. సరిగ్గా ఏడాది.

పాత పెట్టె దగ్గరకు వెళ్లి చూసింది. ఒకటో మిషను గాలి సూటిగా దాని నెత్తి మీద పడుతోంది. రెండో మిషను ఎదురుగోడకుంది, దాని గాలి పెట్టెదాకా రాదు. ఒక నెలంతా పెట్టె చల్లగా ఉంటుంది, మరుసటి నెలంతా వేడిగా ఉంటుంది. టైము కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. ఆకాశంలో చందమామ లేదు. గోడకున్న రెండు ఏసీ మిషన్లే చందమామ.

అప్పుడావిడకు కలిగింది బాధ కాదు, భయం కాదు. ఆ చల్లటి గదిలో ఒక్కతే నిలబడి పకపకా నవ్వింది. పెళ్లిరోజున కూడా అంత సంతోషం ఎరగదు.

వెంటనే వెళ్లి చెప్పవచ్చు. చెప్పలేదు. రూఢి చేసుకోవాలి కదా అని తనకు తను నచ్చజెప్పుకుంది. ఒకటో మిషన్నే అలాగే నడవనిచ్చింది. నిజంగా చందమామ ఉంటే మామూలుగా తిరుగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. రిజిస్టర్లో మాత్రం అబద్ధం రాయలేదు. "ఈ నెల మిషను మార్చలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ రిజిస్టరు ఎవరూ తెరవరని ఆవిడకు బాగా తెలుసు.

రెండో వారానికల్లా గ్రాఫు మీద అల వంగవలసిన చోట వంగడం మానేసింది. మూడో వారానికి బల్లపరుపుగా అయిపోయింది. చిన్నకోడలు ముఖం పాలిపోయింది. లెక్కలు తిరగరాసింది, కంప్యూటరు ప్రోగ్రాము మొదటి నుంచి మళ్లీ చూసింది. వ్యాసం పంపించే గడువు దగ్గరపడుతోంది. డైరెక్టరు రోజూ కబురు పెడుతున్నాడు. ఆ పిల్ల తిండి సరిగ్గా తినడం లేదు. ఇంటికొస్తే మెట్ల మీద కూర్చుండిపోయేది.

టైమమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఒక్క స్విచ్చు ముట్టుకోకుండా చందమామను ఆపేశానని మొదట్లో లోలోపల మురిసింది. కానీ అక్కడా తనకు సుఖం దక్కలేదు. ఆ పిల్ల దిగులుపడితే అత్తగారు తల నిమురుతోంది, మరిది పని మానుకుని రెండుసార్లు వచ్చాడు, తన భర్త ఆమె కోసం పళ్లు కొనుక్కొచ్చాడు. గెలిచినా ఆ పిల్లే, ఓడినా ఆ పిల్లే. ఇదేం న్యాయమని ఉడికిపోయింది.

ఒకరోజు పొద్దున్న భర్త అద్దం తుడుచుకుంటూ అన్నాడు. "నీకేదో తెలుసు."

"నాకేం తెలుసు?"

"నీకు లోపల సంతోషంగా ఉంటే వంటింట్లో గిన్నెలు చప్పుడు చెయ్యవు. నెల్లాళ్లయింది చప్పుడు విని. ఇంట్లో ఏమో అందరూ ఏడుపు మొహాలతో ఉన్నాం."

ఆవిడ గతుక్కుమంది. తలూపడం తప్ప ఏమీ తెలియదనుకున్న మనిషి ఇన్నేళ్లూ గిన్నెల చప్పుడు వింటున్నాడన్నమాట.

ఆ ఆదివారం మేడ మీద తోడికోడళ్లిద్దరూ బట్టలు ఆరేస్తున్నారు. చిన్నకోడలు దుప్పటి కొస పట్టుకుని, ఉన్నట్టుండి అంది. "అక్కా, నేను ఉద్యోగం మానేస్తానేమో. ఎక్కడ తప్పు చేశానో నాకే తెలియట్లేదు. చందమామ ఆగిపోయింది. అలా ఎలా ఆగుతుందక్కా?"

"నేనే ఆపాను" అంది టైమమ్మ.

అనుకుని అన్న మాట కాదు, నోట్లోంచి జారిపడింది. ఆ తర్వాత దాచడానికేమీ మిగల్లేదు. పెట్టె, మిషన్లు, మొదటి తారీఖు, ఆరుతో హెచ్చవేత, అన్నీ చెప్పింది.

చిన్నకోడలు అడిగింది. "ఎన్నాళ్లయింది ఇది తెలిసి?"

"ఇరవై తొమ్మిది రోజులు."

"ఇరవై తొమ్మిది రోజులా! నేను పిచ్చిదాన్లా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా నువ్వు?" ఎప్పుడూ మీరు అనే పిల్ల. "నీకేం చేశాను నేను?"

"ఏమీ చెయ్యలేదు. అదే వచ్చిన చిక్కు. నిన్ను చూస్తే నాకు కడుపు మండుతుంది. నువ్వు ఈ గడపలో కాలు పెట్టిన రోజు నుంచీ మండుతూనే ఉంది. నేను ఇరవై రెండేళ్లు చెప్పినా వినని వాళ్లు, నువ్వు ఒక్క పూటలో చెప్తే విన్నారు."

తడి దుప్పటి దబ్బున బకెట్లో పడింది. చిన్నకోడలు కళ్లు తుడుచుకుంది. "తాళంచెవి ఇవ్వు. ఇప్పుడే వెళ్లి చూస్తా."

"నేను లేకుండా ఆ గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. నేనూ వస్తా."

ఒకే బస్సెక్కారు. ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు. పదకొండింటికి టైమమ్మ రెండో మిషను వేసింది. పెట్టెలోకి వెళ్లే టైమునూ, బయటికొచ్చే టైమునూ కొలిచే మీటరు తగిలించింది. పెట్టె మెల్లగా వేడెక్కసాగింది. పావుగంటకోసారి టైమమ్మ అంకె చదివేది, చిన్నకోడలు రాసుకునేది. పాయింటు మూడు. పాయింటు ఎనిమిది. ఒకటి పాయింటు అయిదు. నాలుగయ్యేసరికి రెండు మైక్రోసెకన్లు దాటింది.

చిన్నకోడలు కాగితం మడిచింది. "పోయింది" అంది.

ఆమె దాన్ని దాచలేదు, వాయిదా వెయ్యలేదు. గురువారం అదే హాల్లో, అదే తెర ముందు నిలబడి, చందమామ లేదని చెప్పింది. ఎలా లేదో కూడా గ్రాఫు వేసి చూపించింది. "దీన్ని పట్టుకున్నది మా అక్క. మీ టైమమ్మగారు" అంది. ఇరవై తొమ్మిది రోజుల సంగతి అక్కడ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మొదటిసారికన్నా గట్టిగా. తప్పును ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్లను చూడలేదని డైరెక్టరు పొగిడాడు. బయటికొచ్చాక ముగ్గురు టైమమ్మను ఆపి, "ఎంత మంచి తోడికోడలండీ మీకు! అదృష్టవంతులు" అన్నారు. అవునవునంటూ నవ్వి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఆవిడ కోపంతో కన్నీళ్లు పెట్టుకుంది. లేని చందమామను చూపించినా చప్పట్లే, లేదని చెప్పినా చప్పట్లే. పైగా తన గుట్టు ఆ పిల్ల కడుపులో దాచుకుంది. ఆ రుణం ఒకటి నెత్తికెక్కింది. కడుపుమంట కన్నా అదే ఎక్కువ కష్టంగా ఉంది మొయ్యడానికి.

పాత పెట్టె తీసేశారు. మిషన్లు గడియారానికి దూరంగా జరిపారు. తోడికోడళ్ల మధ్య మాటలు ఉప్పందుకో, పప్పందుకో అన్నంతవరకే మిగిలాయి. మీరు అన్న పిలుపు మాత్రం మళ్లీ రాలేదు. నువ్వు అనే అంటోంది. టైమమ్మకు అది కోపంగా తోచిందో చనువుగా తోచిందో ఆవిడే తేల్చుకోలేకపోయింది.

ఏడాదిన్నర గడిచాక ఒక మధ్యాహ్నం చిన్నకోడలు గడియారం గది తలుపు తట్టింది. చేతిలో లావుపాటి ఫైలుంది.

"ఇంకో పల్సరు. దీని చుట్టూ ఒక నక్షత్రం తిరుగుతోంది. గ్రహం కాదు, ఎప్పుడో చల్లారిపోయిన చిన్న నక్షత్రం. తొమ్మిది రోజులకో చుట్టు. ఇంకా ఎవరికీ చూపించలేదు."

"నాకెందుకు చూపిస్తున్నావ్?"

"ఇది లేదని తేల్చగలవేమో చూడు."

"మీ విభాగంలో పదకొండు మంది డాక్టరేట్లున్నారు."

"ఉన్నారు. వాళ్లందరికీ నేనంటే ఇష్టం. సగం చదివి బాగుందంటారు. నా తప్పు దొరికితే సంతోషించేదానివి నువ్వొక్కదానివే అక్కా. నీలా వెతికేవాళ్లు ఎవరున్నారిక్కడ?"

టైమమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. మెచ్చుకున్నట్టు కూడా అయింది. ఫైలు అందుకుంది.

మూడు వారాలు వెతికింది. దాచుకోవడమెందుకు, ఆశతోనే వెతికింది. టెలిస్కోపు నుంచి రికార్డరు దాకా ప్రతి తీగా పట్టి చూసింది. తొమ్మిది రోజులకోసారి ఈ ఆవరణలో ఏం జరుగుతుందో ఆరా తీసింది. నీళ్ల పంపు ఎప్పుడు వేస్తారు, జనరేటరు ఎప్పుడు నడిపి చూస్తారు, కాపలావాళ్ల వంతులు ఎప్పుడు మారతాయి, అన్నీ అడిగి రాసుకుంది. నలభై నాలుగు రిజిస్టర్లు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకరోజు నీళ్ల పంపు మీద అనుమానం వచ్చి, పూటంతా గుండె దడదడలాడింది. చూస్తే అది ఎనిమిది రోజులకోసారి. తర్వాత, గడిచిన మూడు నెలల కొలతలను తనే విడిగా లెక్కకట్టింది. ఆ నక్షత్రం తొమ్మిది రోజులకోసారి ఠంచనుగా చుట్టు పూర్తి చేస్తూనే ఉంది. ఏ స్విచ్చుకీ లొంగలేదు.

ఫైలు చివర ఒక కాగితం పెట్టి రాసింది. "సమయంలోగాని, యంత్రాల్లోగాని ఏ లోపమూ కనపడలేదు." ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆవిడకు అరగంట పట్టింది. కలం రెండుసార్లు కింద పెట్టింది. చివరికి సంతకం పెట్టి, తనే నడిచి వెళ్లి చిన్నకోడలి బల్ల మీద పెట్టింది.

చిన్నకోడలు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తలెత్తి అడిగింది. "ఏమీ దొరకలేదా?"

"నాలుగో పేజీలో ఒక అక్షరం తప్పు రాశావు" అంది టైమమ్మ. "దిద్దుకో."